పిడుగుకు దారి చూపిన కిరణం

ముంగారు మబ్బు కమ్మితే రాప్తాడు రైతు ముందు సంతోషిస్తాడు, వెంటనే భయపడతాడు. వాన కోసం ప్రార్థించిన ఈ నేలమీదికి వానతోపాటు పిడుగూ దిగుతుంది. బయలులో గొర్రెలు మేపేవారికి చెట్టు తప్ప వేరే ఆసరా కనబడదు. ఆ చెట్టు కిందే ప్రాణం పోతుంది.

పిడుగును మనిషి మళ్ళించగలడా? 2021లో స్విట్జర్లాండులోని సెంటిస్ పర్వతంపై శాస్త్రవేత్తలు ఆ ప్రయత్నం చేశారు. అక్కడి 124 మీటర్ల టెలికాం టవరు పక్కనుండి సెకనుకు దాదాపు వెయ్యిసార్లు లేజరు కాంతిని ఆకాశంలోకి పంపారు. ఆ కాంతి గాలిని వేడిచేసి పలచబరచగా విద్యుత్తుకు సులువైన దారి ఏర్పడింది. ఒక మెరుపు సుమారు 50 మీటర్లు ఆ దారివెంటే సాగింది. 2023 జనవరిలో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ముందుముందు విమానాశ్రయాలను, రాకెట్ కేంద్రాలను ఇలా కాపాడాలని వారి ఆశ.

ఇది దేవుని పనిలో జోక్యం కాదా అని కొందరు విశ్వాసులు అడగవచ్చు. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇనుప కడ్డీని చూపినప్పుడూ కొందరు బోధకులు ఇదే సందేహం వెలిబుచ్చారు. ఆ కాలంలో ఐరోపాలో పిడుగు తొలగిపోవాలని చర్చి గంటలు మోగించేవారు; ఆ గంట కొడుతూనే పిడుగుపాటుకు చనిపోయినవారున్నారు. యోబు గ్రంథం 38వ అధ్యాయంలో మెరుపుల గురించి దేవుడు వేసిన ప్రశ్న మన గర్వాన్ని అణచడానికే గాని, పొరుగువాని ప్రాణాన్ని గాలికి వదిలేయమనడానికి కాదు. మిద్దెకు పిట్టగోడ కట్టించమని ద్వితీయోపదేశకాండం 22:8లో ఆజ్ఞాపించినవాడు ఆయనే. సిలోయము గోపురం కూలి చనిపోయినవారు ఇతరులకన్నా పాపులు కారని యేసు ప్రభువు స్పష్టం చేశాడు. కాబట్టి పిడుగు పడిన ఇంటివారిని "ఏం పాపం చేశారో" అనే నోరు మనది కాకూడదు.

అయితే మూడు టన్నులకు మించిన ఆ లేజరు యంత్రం మన చేనుగట్టుకు రాదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయి. దేశంలో ఏటా రెండువేల ఐదువందల మందికి పైగా పిడుగుపాటుకు బలవుతున్నారు. వారిలో ఎక్కువమంది పొలాల్లో, బయళ్ళలో పనిచేసే పేదలే. వారికి కావలసింది ముందు హెచ్చరిక, పక్కా కప్పు.

ఈ రెండూ సంఘం ఇవ్వగలదు. విపత్తుల నిర్వహణ సంస్థ సందేశమో, దామిని యాప్ హెచ్చరికో అందగానే మందిరం మైకులో ఊరంతటికీ చెప్పండి. శిఖరానికి లైట్నింగ్ అరెస్టర్, సరైన ఎర్తింగ్ పెట్టించండి. ఉరుము వినబడగానే తలుపులు తెరవండి. వచ్చినవారిది ఏ కులం, ఏ మతం అని అడగవద్దు. మంచి కాపరి పేరిట కట్టిన మందిరం గొర్రెల కాపరికి మూసి ఉండకూడదు.