తాళము పరుల చేతనున్న పాఠములు

నల్లబల్లపై వ్రాసిన పాఠము గంట మ్రోగగనే చెరిపివేయబడును. అందు వింత లేదు. ఏండ్ల తరబడి శ్రమించి కంప్యూటరుకై కూర్చిన పాఠము ఒక్కనాడు తెరపై కదలక నిలిచిపోవుట మాత్రము వింతయే. కదలు బొమ్మలతో పాఠములు కూర్చుటకు లోకమంతట వాడుకలో నుండిన ఫ్లాష్ అను సాధనము అడోబీ సంస్థ సొత్తు. 2020 డిసెంబరు 31తో ఆ సంస్థ దానిని విరమించి, 2021 జనవరి 12 మొదలు ఆ సాధనమున బొమ్మలు నడువకుండ ఆపివేసెను. ఈ సంగతి 2017లోనే చాటెను గనుక, సంస్థను నిందించుట న్యాయము కాదు. పరుల నేలలో తోట వేసినవారిదియు తెలివి యనరాదు.

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున, నోబెల్ బహుమానము పొందిన కార్ల్ వీమన్ 2002లో ఫెట్ అను ప్రయోగమాలను నెలకొల్పెను. అందు విద్యార్థి తెరమీదనే తీగలు కలిపి దీపము వెలిగించును. తప్పుగా కలిపినచో మంట కనబడును గాని చేయి కాలదు! ఆ ప్రయోగములలో పెక్కు జావాయందును ఫ్లాష్‌నందును వ్రాయబడినవి. నిర్వాహకులు వానిలో పెక్కింటిని ఏ ఒక్కరి సొత్తును కాని హెచ్‌టీఎంఎల్ 5 పద్ధతిలోనికి ఒక్కొక్కటిగా మార్చిరి. వారికి విశ్వవిద్యాలయపు అండ కలదు. ఒంటరిగా నాలుగు పాఠములు కూర్చుకొన్న పల్లె ఉపాధ్యాయునికి అట్టి బలగ మెక్కడిది?

తాటాకు శిథిలము కాకమునుపే మరియొక ఆకునకు ఎక్కించుట పూర్వపు లేఖకుల పని. కంప్యూటరు తరగతులలో ఆటపాటలకన్న ముందు ఆ పని నేర్పవలసి యున్నది. ఇంటర్నెట్ ఆర్కైవు అను గ్రంథాలయము 2020 నవంబరు నుండి కొన్ని ఫ్లాష్ బొమ్మలను రఫిల్ అను సాధనముచే మరల ఆడించుచున్నది. ఎవరో ప్రతి దాచియుంచినవి మాత్రమే అందు లేచి కదలుచున్నవి.