బృందాభినయం బడిలోకి రావాలి

బృందాభినయంలో నటుల శరీరాలే రంగస్థలం, సామగ్రి, కథనం. ఒక్కరి ప్రతిభతో అది నిలబడదు. 1956లో ప్యారిస్‌లో జాక్ లెకాక్ స్థాపించిన నాటక పాఠశాల ఈ సాధనకు ప్రపంచంలో పేరు తెచ్చింది. అలాంటి సాధనకు కావలసిన కళాసంపద కృష్ణా డెల్టాలో తరతరాలుగా ఉంది.

మొవ్వ మండలంలోని కూచిపూడి భాగవతుల యక్షగానం మేళంగా ఆడే కళ. బుర్రకథలో కథకుడి మాటను ఇద్దరు వంతలు అందుకుంటారు. ఒకరు హాస్యం పండిస్తే, మరొకరు లోకం పోకడపై వ్యాఖ్యానిస్తారు. కోలాటంలో ఒక్కరు కోపు తప్పితే వరుసంతా చెదురుతుంది.

ఉన్నత పాఠశాలలో శిక్షణ మెట్టుమెట్టుగా సాగాలి. మొదట సైగ లేకుండా కలిసి నడవడం, కలిసి ఆగడం. తర్వాత కోలాటంతో లయ, ఎడం పాటించడం. ఆపై ఉపాధ్యాయుడి పర్యవేక్షణలో ఒకరి బరువు మరొకరు కాయడం. చివరిగా సొంత కథ కూర్చుకోవడం.

హంసలదీవి పరిసరాల పిల్లలకు 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనే కథావస్తువు కాగలదు. పదిమంది భుజాలు కలిపి ఒక్కసారిగా వంగి లేస్తే అది అల. నిటారుగా నిలిచిన ఒకరిని ముగ్గురు వాటేసుకుంటే అది ప్రాణాలు నిలిపిన చెట్టు.

2020 జాతీయ విద్యావిధానం కళలను పాఠాలతో మేళవించాలని చెప్పింది. వారానికి ఒక పీరియడ్ కేటాయించి, స్థానిక కళాకారులను బడికి పిలవాలి. ముఖ్యపాత్రకే కాదు, తోటివారిని గమనించి సర్దుకున్న విద్యార్థికీ మార్కులు దక్కాలి.