కూల్చేచోటా కొలువులున్నాయి

సివిల్‌ ఇంజినీరింగ్‌ చదివే మిమ్మల్ని ‘రేపు ఏం చేస్తావ్‌?’ అని అడిగితే ‘కడతాను’ అనే చెబుతారు. తప్పేం లేదు. పునాది నుంచి పారపెట్‌ గోడ దాకా నాలుగేళ్లూ చెప్పింది కట్టడమే కదా! కట్టినదాన్ని ఎలా విప్పాలి, విప్పాక వచ్చే కాంక్రీటు ఎక్కడికి పోవాలి అన్న పేపర్‌ మాత్రం చాలా కాలేజీల్లో కనిపించదు. కానీ హైదరాబాద్‌లో పాత కాలనీల వైపు ఓసారి నడవండి. ముప్ఫై, నలభై ఏళ్ల కిందట కట్టిన రెండంతస్తుల ఇళ్లు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి, అదే జాగాలో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. విజయవాడ, విశాఖల్లోనూ ఇదే వరస.

ఈ కూల్చివేతల్లో ఓ చిత్రమైన లెక్క ఉంది. చాలాచోట్ల ఇల్లు కూల్చినందుకు కాంట్రాక్టరుకు యజమాని డబ్బివ్వడు, కాంట్రాక్టరే యజమానికి ఎదురిస్తాడు. తలుపులు, కిటికీలు, అన్నిటికన్నా ముఖ్యంగా స్లాబుల్లోని ఇనుము... ఇవే అతని ఆదాయం. ఎంత ఇనుము వస్తుందో మీరే లెక్కేయండి. వెయ్యి చదరపు అడుగుల స్లాబు, అయిదంగుళాల మందం అనుకుంటే దాదాపు 11.8 ఘనపు మీటర్ల కాంక్రీటు. బరువు 28, 29 టన్నులు. ఘనపు మీటరుకు 80 కిలోల లెక్కన ఇనుము టన్నుకు కాస్త తక్కువ. అంటే ఆ టన్ను ఇనుము కోసం కూలీలు సమ్మెటలు పట్టుకుని మిగతా 28 టన్నులనూ పగలగొడతారు. ఇనుము స్క్రాప్‌ దుకాణానికి చేరుతుంది. కాంక్రీటును అడిగేవాడుండడు కాబట్టి అర్ధరాత్రి టిప్పర్లో ఏ చెరువు గట్టుకో, ఖాళీ ప్లాటుకో పోతుంది. మన చెరువులు పూడిపోవడం వెనక ఇదీ ఒక కారణమే. ఇందులో కాంట్రాక్టరును ఒక్కడినే తిట్టి లాభం లేదు. విలువ ఉన్నదాన్ని తీసుకున్నాడు, లేనిదాన్ని వదిలించుకున్నాడు. ఆ వదిలించుకున్నదానికి విలువ తేవడమే ఇప్పుడు కొత్త ఉద్యోగం.

విలువ తేవడం ఎలా? పెద్ద పెళ్లలను హైడ్రాలిక్‌ బ్రేకర్‌తో చిన్నవి చేస్తారు. జా క్రషర్లో నలిగాక కన్వేయర్‌ బెల్టు మీద వస్తుంటే పైన వేలాడే అయస్కాంతం రాడ్డు ముక్కల్ని లాగేస్తుంది. చెక్క, ప్లాస్టిక్‌ను వేరుచేసి, జల్లెడ పట్టి సైజులవారీగా కంకర, ఇసుక తీస్తారు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో రోజుకు 500 టన్నుల చొప్పున సామర్థ్యంతో పెట్టిన ప్లాంట్లు చేస్తున్నది ఈ పనే. దిల్లీలోని బురాడీ ప్లాంటు ఇంకా పాతది, 2009లో మొదలైంది. నోయిడా జంట టవర్లు గుర్తున్నాయి కదా? 2022 ఆగస్టు 28న సెకన్లలో కూలిపోయాయి, దేశమంతా టీవీల్లో చూసింది. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. 80 వేల టన్నులని అంచనా కట్టిన శిథిలాల్లోంచి ఇనుము తీయడానికి, మిగిలింది తరలించడానికి నెలలు పట్టింది. దాన్ని ఏ టీవీ లైవ్‌లో చూపించలేదు!

‘పాత కాంక్రీటుతో వచ్చిన కంకర బలంగా ఉంటుందా?’ అని మీ ఇంట్లోవాళ్లే అడుగుతారు. సమాధానం తెలిసి ఉండాలి. ఆ కంకరకు పాత సిమెంటు గార అంటుకుని ఉంటుంది. అందుకే మామూలు కంకర కంటే నీళ్లెక్కువ పీలుస్తుంది. ఆ సంగతి మరిచిపోయి మిక్స్‌ కలిపితే పని చెడుతుంది. అందుకే భారతీయ ప్రమాణం ఐఎస్‌ 383, 2016లో సవరించినప్పుడు, దీన్ని అనుమతిస్తూనే హద్దులూ పెట్టింది. ఇనుము వేసే కాంక్రీటులో 20 శాతం వరకే, అదీ ఎం25 గ్రేడు దాకానే. ఇనుము లేని సాదా కాంక్రీటులో 25 శాతం. ఎం15 కన్నా తక్కువ గ్రేడు లీన్‌ కాంక్రీటులోనైతే నూటికి నూరు శాతం వాడొచ్చు. పేవర్‌ టైల్స్‌, కర్బ్‌ రాళ్లు, రోడ్డు అడుగు పొరలకు కూడా పనికొస్తుంది.

ఇనుము విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. కూల్చిన ఇంటి రాడ్లను సుత్తితో కొట్టి తిన్నగా చేసి, సగం ధరకు చిన్న ఇళ్లకు అమ్మేవాళ్లున్నారు. వంగి, మళ్లీ నిటారైన రాడ్డు. గ్రేడు తెలియదు, తుప్పు ఎంత తిన్నదో తెలియదు, పరీక్ష కాగితం ఉండదు. అలాంటిది కొత్త స్లాబులో వేయడం ప్రమాదం. పాత ఇనుము వెళ్లాల్సింది ఫర్నేసుకే. అక్కడ కరిగి బిల్లెట్‌ అయి, మళ్లీ రాడ్డుగా రోల్‌ అయి, పరీక్ష పాసయ్యాకే సైటుకు రావాలి. రేపు సైట్‌ ఇంజినీర్‌గా మీ మీద ‘ఈసారికి సర్దుకోండి సార్‌’ అనే ఒత్తిడి వస్తుంది. కాదనడం మొదటి నెల జీతం నుంచే నేర్చుకోవాలి.

చట్టం కూడా మారింది. 2016 నిబంధనలు రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటి వ్యర్థాలు వచ్చేచోట కాంక్రీటు, మట్టి, ఇనుము, ఇటుకలను విడదీయమన్నాయి. అమలు ఎంతో మీకూ తెలుసు, నాకూ తెలుసు. 2025లో నోటిఫై అయిన కొత్త నిబంధనలకు 2026 ఏప్రిల్‌ 1 అమలు తేదీ. 20 వేల చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలు చేసే సంస్థలపై ఈపీఆర్‌ బాధ్యత పడుతుంది. ఎంత వ్యర్థం వచ్చింది, ఎంత రీసైక్లింగ్‌కు వెళ్లింది అన్న లెక్క పోర్టల్లో చూపించాలి. ఆ లెక్క రాసేది ఎవరు? అక్కడే మీకు చోటుంది. కూల్చబోయే భవనాన్ని కొలిచి ఎంత ఇనుము, ఎంత కాంక్రీటు వస్తుందో అంచనా వేసేవాళ్లు, ప్లాంటు ల్యాబులో కంకర పరీక్షించేవాళ్లు, ఈపీఆర్‌ దస్త్రాలు చూసే పర్యావరణ, కామర్స్‌ పట్టభద్రులు, క్రషర్లు నడిపే మెకానికల్‌ డిప్లొమావాళ్లు, గ్యాస్‌ కటింగ్‌ తెలిసిన ఐటీఐ కుర్రాళ్లు... అందరితోనూ పని ఉంటుంది.

అలాగని రంగుల కలలు చూపించలేం. ఇది దుమ్ములో పని. కాంక్రీటు ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. నీళ్లు చల్లకుండా, సరైన మాస్కు ఇవ్వకుండా పనిచేయించే చోట జీతం ఎంతైనా చేరకండి. కూల్చివేత భద్రతకు ఐఎస్‌ 4130 అనే ప్రమాణం ఉంది. ఇంటర్వ్యూలో ‘మీరు దీన్ని పాటిస్తారా?’ అని మీరే అడగండి. అడిగినందుకు ఉద్యోగం ఇవ్వని కంపెనీలో చేరకపోవడమే మేలు.

చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు ఒక మాట. రీసైకిల్‌ కంకర మీద ప్రాజెక్టులు తక్కువేం లేవు. పది, ఇరవై, ముప్ఫై శాతం కలిపి క్యూబులు పోసి, 28వ రోజు విరగ్గొట్టి గ్రాఫ్‌ గీస్తారు. సీనియర్ల రిపోర్టులో పేరు మార్చి ఇచ్చేవాళ్లూ ఉన్నారు (గైడ్లకు తెలియదనుకోకండి). దానికి బదులు మీ వీధిలో కూల్చబోయే ఒక ఇల్లు చూసుకోండి. యజమానిని అడిగి స్లాబులు, దూలాలు, స్తంభాలు కొలవండి. కనిపించిన రాడ్డు సైజు పట్టుకుని, వ్యాసం వర్గాన్ని 162తో భాగించే సూత్రంతో మీటరు బరువు తీయండి. 12 మి.మీ. రాడ్డు అయితే 0.89 కిలో. మొత్తం అంచనా కాగితం మీద పెట్టి, కూల్చాక స్క్రాప్‌ దుకాణంలో తూకం వేసిన చీటీతో పోల్చండి. కాంక్రీటు ఎన్ని టిప్పర్లయిందో, అవి ఎటు వెళ్లాయో రాసుకోండి. మీ అంచనా ఎక్కడ తప్పిందో వివరించగలిగితే ఇంటర్వ్యూ బోర్డు ముందు మాట్లాడటానికి అరగంట సరుకు దొరికినట్టే. ఖర్చు ఒక టేపు, ఒక నోటుబుక్కు. కాకపోతే పొక్లెయిన్‌ వచ్చేలోపే వెళ్లాలి.