కరుణ: క్రైస్తవ విశ్వాసానికి గీటురాయి

విశ్వాసం వేరు, సేవ వేరు అనే భావన అన్ని మతాల వారిలోనూ కనిపిస్తుంది. క్రైస్తవ గ్రంథం ఈ విభజనను అంగీకరించదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తీర్పు ఘట్టంలో ఆకలిగొన్నవానికి అన్నం, దప్పిగొన్నవానికి నీరు, పరదేశికి ఆశ్రయం, వస్త్రహీనునికి వస్త్రం ఇచ్చితిరా, రోగిని, ఖైదీని పరామర్శించితిరా అన్నదే విచారణాంశం. ఆ దీనులకు చేసినది తనకు చేసినట్లేనని ప్రభువు పరిగణిస్తాడు. సహీహ్ ముస్లిం సంకలనంలోని ఒక హదీసు సైతం ఇదే భావాన్ని బోధిస్తున్నది. రోగిని పరామర్శించనందుకు, ఆకలిగొన్నవానికి అన్నం పెట్టనందుకు ప్రళయదినాన అల్లాహ్ మానవుని ప్రశ్నిస్తాడని దాని సారాంశం. కావున ఈ విషయం మన కళాశాలలో ఎవరికీ పరాయిది కాదు.

లూకా సువార్తలోని మంచి సమరయుని కథ అందరూ ఎరిగినదే. దొంగల చేత గాయపడి త్రోవలో పడియున్న మనిషిని యాజకుడు, లేవీయుడు చూచి తొలగిపోగా, యూదులు దూరముంచిన సమరయుడు అతని గాయాలు కట్టినాడు. ప్రసంగాలలో కథ సాధారణంగా ఇంతటితో ముగుస్తుంది. కాని అతడు క్షతగాత్రుని పూటకూళ్ల ఇంటికి చేర్చి, మరునాడు రెండు దేనారాలు ఇచ్చి, పైన అయ్యే ఖర్చు తిరిగివచ్చునప్పుడు తీర్చెదనని మాట కూడా ఇచ్చినాడు. జాలి ఒక్క క్షణంలో పుట్టవచ్చును. కరుణ మరునాటి ఖర్చును కూడా లెక్కలోనికి తీసుకొంటుంది.

ఇందుకు మన కృష్ణా డెల్టాయే సాక్ష్యం. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచివేసింది. పదివేలమందికి పైగా మరణించినారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి గ్రామాల పేర్లు విన్నవారి గుండె నేటికీ బరువెక్కుతుంది. మండలి వెంకటకృష్ణారావు గారు సహాయ కార్యక్రమాలకు ముందు నిలిచినారు. మదర్ థెరిసా బాధితులను చూడవచ్చినారు. అయితే సందర్శకులు వెళ్లిన తరువాత జరిగిన పని మరింత గొప్పది. ప్రభుత్వంతోపాటు, క్రైస్తవ సంఘాల సహాయసంస్థ 'కాసా' వంటివి తీరం వెంబడి తుపాను ఆశ్రయ భవనాలు నిర్మించినవి. 1990 మే 9న మరొక తీవ్ర తుపాను కృష్ణా ముఖద్వార ప్రాంతంలోనే తీరం దాటినప్పుడు మృతుల సంఖ్య వేయికి లోపే ఉన్నది. ముందస్తు హెచ్చరికలు, లక్షలాది ప్రజల తరలింపు, ఆ భవనాలు కలిసి ప్రాణాలు కాపాడినవి.

సేవ మతప్రచారానికి ఎర అని కొందరు ఆక్షేపిస్తారు. అన్నపుముద్దకు విశ్వాసాన్ని వెలగా అడిగితే అది కరుణ కాదు, బేరం. సమరయుడు అట్టి వెల అడగలేదు. అదేవిధంగా, అల్పసంఖ్యాకుల విద్యాసంస్థ మనది గనుక మన సహాయం ముందు మనవారికే అనడం కూడా ఆ యాజకుని త్రోవయే అవుతుంది. ఉప్పెన కులమతాల జాబితా చూచి రాదు.

విద్యార్థి మిత్రులకు, పాలక సంఘానికి నా మనవి ఒక్కటే. తుపాను వచ్చిన పిమ్మట విరాళాలు పోగుచేయడంతో మన జాతీయ సేవాపథకం విభాగం తృప్తి చెందరాదు. ఏటా అక్టోబరుకు ముందే గుడివాడ నుండి నాగాయలంక దాకా మన విద్యార్థుల గ్రామాలలో ఆశ్రయ భవనాల తలుపులు, మెట్లు, త్రాగునీటి వసతి పరిశీలించాలి. నడవలేని వృద్ధులు, గర్భిణులు, దిక్కులేనివారు ఏ ఇంట ఉన్నారో వ్రాసి పంచాయతీకి అందజేయాలి. ఇందుకు ప్రయాణపు ఖర్చులను పాలక సంఘం వార్షిక పద్దులో చేర్చవలెనని కోరుతున్నాను.