హెర్నియా అని చెప్పమన్నారు

"ఎవరైనా అడిగితే హెర్నియా అని చెప్పు."

ఆపరేషన్‌కి లోపలికి వెళ్తూ మా వారు నాకు చెప్పిన ఆఖరి మాట అది. మత్తంటే భయం లేదు, కత్తంటే భయం లేదు. పక్కింటివాళ్లకి తెలుస్తుందేమోనన్నదే భయం. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆయనకి చేసింది సున్తీ. ఆ మాట రాయడానికి నాకూ వారం పట్టింది. ఆయన చదివి "సరే, నా పేరు మాత్రం రాయకు" అన్నాకే ఇది పెడుతున్నాను.

ముందే చెబుతున్నా, కోపంగా రాస్తున్నాను. కోపం ఆపరేషన్ మీద కాదు, దానికి ముందు గడిచిన మూడేళ్ల మీద.

ఆ మూడేళ్లూ నాకు దురద, మంట, తెల్లబట్ట. మందులు వాడితే తగ్గేది, రెండు నెలలకి మళ్లీ వచ్చేది. "శుభ్రంగా ఉండాలమ్మా" అనేవారు మా అత్తగారు. రెండుపూటలా తలుపేసుకుని కడుక్కునే నాకు శుభ్రత పాఠం! చివరికి డాక్టరమ్మ "మీ ఆయన్ని కూడా ఎవరికైనా చూపించండి" అన్నారు. ఇంటికొచ్చి చెబితే "నాకేం రోగం?" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు ఈయన.

ఉంది. చర్మం పగిలి, మాని, మళ్లీ పగిలి, చివరికి వెనక్కి రానంతగా బిగుసుకుపోయింది. ఎవరికీ చెప్పకుండా బాత్‌రూములో పౌడరు చల్లుకుంటూ నెట్టుకొచ్చారట. మూత్రం సరిగ్గా రాని రోజు వచ్చాక గానీ నోరు విప్పలేదు.

ఇందులో చిదంబర రహస్యమేమీ లేదు. షుగరు అదుపులో లేకపోతే మూత్రంలో చక్కెర పోతుంది. ఆ తడి ముందు చర్మం కింద నిలిస్తే ఫంగస్‌కి పండగే. పగుళ్లు, వాపు, ఆ పైన మచ్చకట్టి బిగుసుకోవడం. దీన్నే ఫైమోసిస్ అంటారు. షుగరు మాత్రల్లో పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండేవి చక్కెరని మూత్రంలోకి పంపించే రకం. వాటితో ఈ బాధ కొంచెం ఎక్కువగా రావచ్చు. అలాగని మీరే మానిపించెయ్యకండి, రాసిచ్చిన డాక్టరుకి చెప్పండి. బిగువు తక్కువగా ఉన్నప్పుడే వెళ్తే కొందరికి స్టెరాయిడ్ క్రీముతోనే సర్దుకుంటుంది, ఆపరేషన్ అక్కర్లేదు. అంటే దాచుకున్నందుకు ఆయన కట్టిన జరిమానా ఆ కోత. నేను కట్టిన జరిమానా మూడేళ్లు.

ఇక రెండో సిగ్గు. "సున్తీ" అనగానే మనవాళ్లకి మతమే గుర్తొస్తుంది. విషయం తెలిసిన ఆయన స్నేహితుడొకడు "ఏంట్రా, మారిపోయావా?" అని పగలబడి నవ్వాడు. మా వీధిలో ముస్లిముల ఇళ్లల్లో చిన్నపిల్లాడికి ఇది చేయించి, చుట్టాల్ని పిలిచి భోజనాలు పెడతారు. వాళ్లకది ఆచారం. ఈయనకిది వైద్యం. రెండింటిలోనూ నవ్వాల్సింది ఏముంది? అపెండిక్స్ తీయించుకుంటే ఏ దేవుడి మనిషివని అడగరే!

మూడోది ఆ ప్రకటనలు. "నొప్పి ఉండదు, మర్నాడే ఆఫీసుకి" అని బోర్డులు. అవి నమ్మి ఒక్కరోజు సెలవు పెట్టారు మా వారు. నిజం ఏమిటో నేను చెబుతాను, నేను చూశాను కాబట్టి.

ఆపరేషన్ గంటలోపే అయిపోయింది, సాయంత్రానికి ఇంటికొచ్చేశాం. మొదటి మూడు రోజులూ వాపు, నీలంగా కమిలిన చర్మం. చూసి హడలిపోయాం గానీ అది మామూలేనట. బట్ట తగిలితేనే జివ్వుమనేది, లుంగీ తప్ప ఇంకేదీ వేసుకోలేకపోయారు. పగలు మాత్రలతో గడిచిపోయేది. అసలు బాధంతా రాత్రి. నిద్రలో మగవాళ్లకి తెలియకుండానే వచ్చే గట్టిదనానికి కుట్లు లాగేసి, ఉలిక్కిపడి లేచి కూర్చునేవారు. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గేది. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే కుట్లు తెగిపోయాయని అర్ధరాత్రి ఆయన ఏడవాల్సిన పని ఉండేది కాదు. వారం తర్వాత ఆఫీసుకి వెళ్లారు, స్కూటరు మాత్రం ఇంకో వారం ముట్టుకోలేదు. కుట్లు మూడు వారాల్లో వాటంతటవే రాలిపోయాయి. సన్నటి వాపు ఇంకా కొన్నాళ్లు ఉంది. భార్యాభర్తల కలయిక ఆరు వారాల దాకా వద్దన్నారు. అది ఆయనకి కాదు, నాకు చెప్పించుకోవాల్సింది. మానిందనుకుని తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది.

ఇవి మాత్రం గుర్తుంచుకోండి. నొక్కి పట్టినా రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, చీము, దుర్వాసన ఉన్నా, మూత్రం రాకపోయినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. షుగరు అదుపులోకి తెచ్చుకోకుండా కోతకి వెళ్తే పుండు త్వరగా మానదు. ఇంకొకటి. ఇంట్లో ఎవరైనా వెనక్కి లాగిన చర్మం ముందుకి రాక వాచిపోతే, తెల్లారనిద్దాం అనుకోకండి. అది అత్యవసరం.

"ఇంటి గుట్టు వీధిన పెడతావా?" అని అడిగేవాళ్లుంటారు. ఉండనివ్వండి. గుట్టు ఎవరి పరువు కాపాడిందో, ఎవరి ఒళ్లు పాడుచేసిందో నాకు తెలుసు. మనకి పిల్లల సంచి తీసేస్తే ఊరంతా పళ్లు పట్టుకుని పలకరించడానికొస్తుంది. మగవాడి ఒంట్లో అంగుళం చర్మానికి మాత్రం ఇంటిల్లిపాదీ అబద్ధం చెప్పాలి!

మొన్న మా తోటికోడలు ఫోన్ చేసి "బావగారి హెర్నియా ఎలా ఉంది అక్కా?" అంది. ఆయన వైపు చూశాను. టీవీ మీంచి చూపు తిప్పకుండానే తలూపారు. చెప్పేశాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "ఆ డాక్టరు ఏ రోజుల్లో ఉంటారు అక్కా?" అని అడిగింది.

మీ సమస్య మందులకి తగ్గి తగ్గి మళ్లీ వస్తుంటే, ఈ రాత్రికి మీ ఆయన చేతిలో పేపరు పక్కన పెట్టించి అడగండి. "నాకేం రోగం" అంటే నమ్మకండి. నేను మూడేళ్లు నమ్మాను.