దిద్దని రీడింగ్

థిక్ సిలిండర్ లెక్క మనందరికీ కంఠతా వచ్చు. లామే సూత్రం రాసి, బౌండరీ కండిషన్లు పెట్టి, హూప్ స్ట్రెస్ తీసి, కింద రెండు గీతలు కొట్టేస్తాం. ఆ సిలిండర్ ఎప్పుడూ స్టీలుదే. అదే రాయిదైతే?

దూరం పోనక్కర్లేదు, మన బోరుబావే చూడండి. గట్టి రాయి తగిలేదాకే కేసింగ్ దింపుతారు. ఆ కిందంతా ఉత్త గోడే. 300 మీటర్ల లోతులో పైనున్న రాతి బరువుకి దాదాపు 8 మెగాపాస్కల్స్ ఒత్తిడి ఉంటుంది. పక్కల నుంచీ అంతే నొక్కుతోందనుకుంటే, ఖాళీ రంధ్రం అంచున అది రెట్టింపై 16 అవుతుంది. మంచి గ్రానైట్ 100 దాటినా తట్టుకుంటుంది కాబట్టి బోరు కూలదు. ఇక్కడిదాకా లెక్క బాగానే ఉంది.

ఇప్పుడు ల్యాబ్‌కి రండి. రాతి కోర్ మధ్యలో రంధ్రం చేసి, బయటి నుంచి నూనెతో ఒత్తిడి పెడతారు. బయటి వ్యాసం లోపలి దానికి రెట్టింపైతే, లోపలి గోడ మీద హూప్ స్ట్రెస్ పెట్టిన ఒత్తిడికి 2.67 రెట్లు. అంటే మామూలు కంప్రెషన్ టెస్టులో 80 దగ్గర పగిలే రాయి ఇక్కడ 30కే పగలాలి. కానీ రంధ్రం చిన్నదైతే చాలాసార్లు అంతకు బాగా పైకి వెళ్లాకే లోపలి గోడ పెచ్చులూడుతుంది. ఎందుకంటే గరిష్ఠ ఒత్తిడి పడేది అంచున ఉన్న పలుచని పొర మీదే, వెనకున్న రాయి దానికి ఆసరా ఇస్తుంది. రంధ్రం పెద్దదయ్యే కొద్దీ ఆ ఆసరా తగ్గిపోతుంది.

ఈ ప్రయోగం మన ల్యాబ్‌లో పెడితే ఏమవుతుందో చెప్పనా? గేజ్ 50 చూపిస్తుంది, మనం సీనియర్ రికార్డు తెరిచి 31 అని రాస్తాం. వేరే ప్రయోగాల్లో నేనూ అలాగే రాశాను. మార్కులు కూడా వచ్చాయి. కానీ ఆ తేడాలోనే కదా అసలు పాఠం ఉంది! అది తెలియనివాడు రేపు చిన్న రంధ్రం చూపించిన బలాన్ని నమ్మి పెద్ద సొరంగం డిజైన్ చేస్తాడు. ఆ సొరంగంలో మనుషులు పనిచేస్తారు.

అందుకే నా మాట ఒక్కటే. రికార్డులో ఇంకో కాలమ్ పెట్టండి: లెక్కకీ రీడింగ్‌కీ తేడా ఎందుకొచ్చింది? దానికీ రెండు మార్కులివ్వండి. ల్యాబ్ టైమ్ చాలదంటారా? దొంగ రీడింగులు తయారుచేయడానికి సరిపోతున్న టైమ్ దీనికెందుకు చాలదు?