‘ఇంకా రెడీ కాలేదు’ అనే నెపం

రెజ్లింగ్ అభిమానుల మాటల్లో నాకు ఒళ్ళు మండించే వాక్యం ఒకటుంది: “పాపం, మెయిన్ రోస్టర్‌కి ఇంకా రెడీ కాలేదు.” ఎన్‌ఎక్స్‌టీలో ఏళ్ళ తరబడి చెమటోడ్చి, అక్కడ ఛాంపియనై, ‘రా’కో ‘స్మాక్‌డౌన్’కో వెళ్ళినవాడు ఆరు నెలల్లో మాయమైపోతే మనం రాసిచ్చే పోస్ట్‌మార్టం రిపోర్టు అది. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. ఇక్కడ ఇంకో వింత. మద్దెల చేయించిందీ వాళ్ళే, దరువు నేర్పించిందీ వాళ్ళే, చివరికి తోలు చింపిందీ వాళ్ళే.

అట్టముక్కల్లో అండర్‌టేకర్‌ని గెలుచుకుని, టెన్ స్పోర్ట్స్ దగ్గర ఆగిపోయిన వాళ్ళకోసం రెండు మాటలు. డబ్ల్యూడబ్ల్యూఈకి శిక్షణ కంపెనీలు కొత్త కాదు. 2002లో వరసగా తెరమీదికొచ్చిన జాన్ సీనా, బ్రాక్ లెస్నర్, రాండీ ఆర్టన్, బటిస్టా నలుగురూ లూయీవిల్‌లోని ఓహయో వ్యాలీ రెజ్లింగ్‌లో తయారైనవాళ్ళే. తర్వాత ఫ్లోరిడా. 2012లో దానికే ఎన్‌ఎక్స్‌టీ అని పేరు మారింది. 2013లో ఓర్లాండోలో ఏడు రింగులతో పెర్ఫార్మెన్స్ సెంటర్ తెరిచారు. దెబ్బ తగలకుండా పడటం, ఎదుటివాణ్ణి దెబ్బ తగలకుండా పడేయడం, ఏ కెమెరా వైపు మొహం తిప్పాలో ఒంటికి అలవాటు చేసుకోవడం, మైకు పట్టుకుని మాట్లాడటం. చదువంటే అదీ. మాట్లాడటం నేర్పింది డస్టీ రోడ్స్. ప్లంబర్ కొడుకునని చెప్పుకుంటూ జనం గుండెల్లో చోటు సంపాదించిన మనిషి. 2015 జూన్‌లో చనిపోయేదాకా ఆ పిల్లలకు ఆయన నేర్పింది ఒక్కటే, నీ కథ నువ్వు చెప్పు అని.

ఆ చదువు ఎంత గట్టిదో తెలియాలంటే అదే ఏడాది ఆగస్టులో బ్రూక్లిన్‌లో బేలీ, సాషా బ్యాంక్స్ ఆడిన మ్యాచ్ చూడండి. బేలీ కనిపించిన ప్రతివాళ్ళనీ కౌగిలించుకునే అమాయకురాలు. పైకి రాదనే అందరూ అనుకునే పిల్ల. రెండేళ్ళకు పైగా ఆమె ఓడిపోతుంటే చూసిన జనం, ఆ రాత్రి గెలిస్తే ఏడ్చారు. ఫలితం ముందే రాసిపెట్టి ఉందని తెలిసీ ఏడ్చారు. మన నాటకాలవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటా.

ఇక పై అంతస్తు సంగతి. అసెన్షన్ అనే జంట ఎన్‌ఎక్స్‌టీలో దాదాపు ఏడాది ట్యాగ్ టీమ్ ఛాంపియన్లు. మెయిన్ రోస్టర్‌కి వచ్చిన కొద్ది వారాలకే, వాళ్ళు నడిచొస్తుంటే సొంత కంపెనీ వ్యాఖ్యాతలే ఎగతాళి చేశారు. 2015 జనవరిలో రిటైరైన పాత హీరోలందరూ కలిసి వాళ్ళను చితక్కొట్టి నవ్వుకున్నారు. ఆ నవ్వుతోనే వాళ్ళ కథ అయిపోయింది. పీట్ డన్‌ని తీసుకోండి. యునైటెడ్ కింగ్‌డమ్ టైటిల్‌ని 685 రోజులు మోసినవాడు. 2022 మార్చిలో స్మాక్‌డౌన్‌కి తెచ్చి, ‘బుచ్’ అని పేరు పెట్టి, అన్నలు పట్టి ఆపాల్సిన అల్లరి పిల్లాణ్ణి చేశారు. సొంత పేరు తిరిగి రావడానికి రెండేళ్ళు పట్టింది.

అన్నిటికన్నా దారుణం కారియన్ క్రాస్‌ది. 2021 జులై 19న ‘రా’లో తొలి మ్యాచ్. అప్పటికి ఎన్‌ఎక్స్‌టీ ఛాంపియన్. పొగ, గడియారం, పక్కన స్కార్లెట్, నెమ్మదిగా నడిచొచ్చే మృత్యువులాంటి ప్రవేశం, ఇవన్నీ కలిస్తేనే ఆ పాత్ర. స్కార్లెట్‌ని తీసేశారు. రెండు నిమిషాలు కూడా గడవకుండా జెఫ్ హార్డీ చేతిలో ఓడించారు. తర్వాత నెత్తిమీద ఇనప టోపీలాంటిదొకటి పెట్టారు. నవంబరులో ఉద్యోగం తీసేశారు. రోలాఁ బార్త్ 1957 నాటి ‘మిథాలజీస్’ని కుస్తీ మీద వ్యాసంతోనే మొదలుపెట్టాడు. ఈ ఆటలో ప్రతి సంకేతమూ చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా అందాలన్నది అక్కడ ఆయన గమనించిన విషయం. క్రాస్‌కి ఉన్న సంకేతాలన్నీ పీకేసి, చివరి వరసకి ఏమీ అందలేదంటే తప్పెవరిది? శిక్షణదా?

దీనికొక జవాబు రెడీగా ఉంటుంది. ఎన్‌ఎక్స్‌టీ కొన్ని వందల మంది కూర్చునే హాల్లో పుట్టింది, ఆ ప్రేక్షకులు ప్రతిదానికీ చప్పట్లు కొట్టి పిల్లల్ని పాడుచేశారు, పెద్ద స్టేడియంలో వాళ్ళు నిలబడలేరు అని. కొంత నిజమే. చిన్న హాల్లో పనికొచ్చే కనుబొమ్మ పెద్ద హాల్లో కనపడదు. కానీ ఆ బడి ఎవరిది? సిలబస్ ఎవరిది? ఆర్నెల్లు జావా నేర్పించి, సపోర్ట్ ప్రాజెక్టులో పడేసి, తర్వాత పెర్ఫార్మెన్స్ బాలేదని బెంచి మీద కూర్చోబెట్టే కంపెనీలు మన గచ్చిబౌలిలో తెలియనివారెవరు? ఇక సేథ్ రాలిన్స్, బెకీ లించ్, రియా రిప్లీ అక్కడినుంచే వచ్చారుగా అంటారు. వచ్చారు. పాసైనవాళ్ళని చూపించి పేపరు బాగుందనడం ఏం వాదన?

పైగా ఇది ఉద్యోగం కూడా కాదు. కాగితాల మీద వీళ్ళు స్వతంత్ర కాంట్రాక్టర్లు. యూనియన్ లేదు. చాలామంది రింగు పేర్ల మీద హక్కు కంపెనీది. తీసేశాక మెయిన్ రోస్టర్ వాళ్ళు మామూలుగా 90 రోజులు ఇంకోచోట కుస్తీ పట్టకూడదు. ఇంత చేతిలో పెట్టుకున్నవాళ్ళు, తెర మీద ఏం చెయ్యాలో కూడా వాళ్ళే రాసేవాళ్ళు, ఓటమి బాధ్యత మాత్రం కుర్రాడికి అప్పజెబుతారు.

2022లో విన్స్ మెక్‌మాన్ తప్పుకున్నాక, ఎన్‌ఎక్స్‌టీని పెంచిన ట్రిపుల్ హెచ్ చేతికే కథల పని వచ్చింది. క్రాస్‌ని మళ్ళీ పిలిచారు. అంతా బాగుపడిందని సంబరపడ్డాం. అయితే మనవాళ్ళ సంగతి చూద్దాం. రింకూ సింగ్ జావెలిన్ విసిరేవాడు. 2008లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పోటీ గెలిచి అమెరికా బేస్‌బాల్‌లోకి వెళ్ళి, 2018లో రెజ్లింగ్‌కి వచ్చాడు. వీర్ మహాన్ అని పేరు పెట్టి, 2021 చివరినుంచి 2022 ఏప్రిల్ దాకా నెలల తరబడి ‘వీర్ మహాన్ రా కి వస్తున్నాడు’ అని ప్రకటనలు వేశారు. ‘రా’ అని పిలుస్తూ అన్నాళ్ళు రానివ్వకపోవడం తెలుగులో అయితే ఇంకా నవ్వొస్తుంది. వచ్చాక? ఆ ఏడాది చివరికి మళ్ళీ ఎన్‌ఎక్స్‌టీకే. అక్కడ సౌరవ్ గుర్జర్‌తో జతకట్టించి, 2023లో మళ్ళీ ‘రా’కి. అంటే ఒకే మనిషి రెండుసార్లు ‘తయార’య్యాడు.

ఆ సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో సూపర్‌స్టార్ స్పెక్టాకిల్ జరిగింది. సీనా వచ్చాడని ఊరు ఊగిపోయింది. పోస్టర్లకి భారతీయ మొహాలు కావలసి వచ్చినప్పుడు వీళ్ళిద్దరూ పూర్తిగా రెడీగానే ఉన్నారు. ఆ రాత్రి ఓడిపోయారు. 2024 ఏప్రిల్‌లో ఇద్దర్నీ, వాళ్ళతోపాటు జిందర్ మహల్‌నీ ఒకేరోజు తీసేశారు.